పార్టీల ఆదాయ వ్యయములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఇప్పుడే సిద్ధాంతిగారు పంచాంగ శ్రవణం ముగించి కూర్చున్నారు. పన్నెండు రాశులకూ ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని వరుసగా చెప్పినారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు వచ్చిన రాశివారు ప్రక్కవారి ముఖం చూచినారు. ఆదాయం పద్నాలుగు వచ్చినవారు ఉగాది పచ్చడి మరి కాస్త అడిగి పుచ్చుకొన్నారు. ఏటేటా జరిగేదే. మేము వెనుక బెంచీమీద కూర్చొని వింటూ ఉండగా ఒక సంగతి తోచినది. బండివాని మొదలు కలెక్టరు వరకు ప్రతివారి ఆదాయ వ్యయములూ ఆ పుస్తకంలో ఉన్నవి. మనలను పాలించే పార్టీలవి మాత్రం లేవు. వాటికి జన్మనక్షత్రం లేదు కనుక సిద్ధాంతిగారిని తప్పుపట్టడానికి వీలులేదు. కాని ఎక్కడో ఒకచోట ఆ లెక్క ఉండాలి గదా! ఆ లెక్క ఎవరు వ్రాస్తారు, ఎవరు చదువుతారు, ఎవరు దాచిపెడతారు అన్నదే ఈనాటి మా మాట.

పండుగపూట రాజకీయమెందుకని కొందరు అనుకోవచ్చును. పిల్లలకు తెలుగు ఎట్లా నేర్పాలి అన్న విషయం మీద మాట్లాడితే అందరికీ సంతోషంగా ఉండేది. మాకూ సుళువుగా ఉండేది. అయితే మన సంఘం ముందు ఒక ప్రశ్న ఉన్నది. మీలో చాలమందికి తెలిసినదే. ఈ భవనానికి పై అంతస్తు కట్టించి ఇస్తామని ఒక కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి కబురు పంపినారు. షరతు లేమీ లేవన్నారు. ముఖద్వారం మీద కంపెనీ పేరు చెక్కిస్తే చాలునన్నారు. రాబోయే సర్వసభ్య సమావేశంలో దీనిని గురించి మీరే నిర్ణయించవలె. కార్యవర్గంలో మేము రెండుగా చీలి ఉన్నాము. ఆ సంగతి దాచడంవల్ల ప్రయోజనం లేదు.

షరతులు లేని సొమ్ము ఎట్లా ఉంటుందో మనకు కొంత అనుభవం ఉన్నది. పాతవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మన ముందు వసారాకు రేకులు తీసివేసి శ్లాబు వేయించినది ఒక కాంట్రాక్టరుగారు. అప్పుడూ షరతులు లేవన్నారు. మరుసటి ఉగాదికి ఆయనగారు ఒక అభ్యర్థిని వెంటబెట్టుకొని వచ్చినారు. మనం దండవేసినాము. "తెలుగువారి ఓట్లన్నీ మీవే" అని మనలో ఒకరు మైకుముందు నిలిచి చెప్పినారు. ఎవరు అడిగినారు ఆ మాట చెప్పమని? ఎవరూ అడగలేదు. చెప్పకపోతే బాగుండదని మనకే తోచినది. ఆ చెప్పిన నోరు మాదే కనుక ఇంకొకరిని నిందించే పని మాకు లేదు.

తరువాత మన వీధి వెనుక మురుగు కాలువ కట్టించే పని ఆ కాంట్రాక్టరుగారికే వచ్చినది. కాలువ కట్టినారు. మెరకనుంచి పల్లానికి కాక, పల్లంనుంచి మెరకకు కట్టినారు. శ్రావణమాసంలో వరుసగా పదకొండు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినవి. ఒక ఇంట పురిటిమంచం కాళ్ళక్రింద ఇటుకలు పెట్టి ఎత్తవలసి వచ్చినది. మేము నలుగురం కలసి అడుగుదామని వెళ్ళినాము. ఆయన మాతో చాల మర్యాదగా మాట్లాడినారు, కాఫీ ఇప్పించినారు. "మీ వసారా ఎట్లా ఉన్నదండీ, ఎక్కడా కారడం లేదు గదా?" అని మాత్రం అడిగినారు. మేము కాఫీ త్రాగి వచ్చివేసినాము. కాలువ ఇప్పటికీ అట్లాగే ఉన్నది. వసారా కారడం లేదన్నమాట నిజమే.

ఇది చిన్న ఊరి చిన్న కథ. ఢిల్లీలో జరిగేది కూడ ఇదే కథ. అక్కడ వసారాలు పెద్దవి, కాలువలు పెద్దవి, అంతే తేడా.

కంపెనీలు పార్టీలకు సొమ్మివ్వవచ్చునా అన్న ప్రశ్న మన దేశంలో క్రొత్తది కాదు. 1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీవారు పార్టీలకు చందాలివ్వడానికి వీలుగా తమ నిబంధనావళిని సవరించుకోవలెనని బొంబాయి హైకోర్టుకు వెళ్ళినారు. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాగారు. చట్టంలో అడ్డు లేదు కనుక అనుమతి ఇవ్వక తప్పలేదు. ఇచ్చినారు. ఇస్తూనే, ఈ పద్ధతి పెరిగితే ప్రజాస్వామ్యాన్ని గొంతు నులిమే ప్రమాదమున్నదని, పార్లమెంటువారు దీనిని ఆలోచించవలెనని హెచ్చరించినారు. పార్లమెంటువారు ఆలోచించినారు కూడ. 1960లో కంపెనీల చట్టాన్ని సవరించి హద్దు పెట్టినారు: సంవత్సరానికి 25,000 రూపాయలు, లేదా సగటు లాభంలో నూటికి అయిదు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది. 1969లో అసలే వద్దని నిషేధించినారు. 1985లో మళ్ళీ తలుపు తెరచినారు. 2013 చట్టం ఆ హద్దును మూడేండ్ల సగటు లాభంలో నూటికి ఏడున్నరకు పెంచినది.

1969 నిషేధం మంచిదే గదా అనవచ్చును. ఉద్దేశం మంచిదే. ఎన్నికల ఖర్చు ఎక్కడనుంచి రావలెనో చెప్పకుండా ఒక దారి మూసివేసినారు. చెక్కుమీద రావడం మానిన సొమ్ము పెట్టెలలో రావడం మొదలుపెట్టినది. కనుక "నిషేధించండి, తీరిపోతుంది" అనేవారితో మేము పూర్తిగా ఏకీభవించలేము. పార్టీకి సొమ్ము కావలె. జెండాకు గుడ్డ కావలె, జీపుకు పెట్రోలు కావలె. ఆ సొమ్ము పదిమంది దగ్గర తలా కోటి చొప్పున తేవడమా, పది లక్షలమంది దగ్గర తలా పది రూపాయలు తేవడమా అన్నదే ప్రశ్న. కోటి ఇచ్చినవాడు ఫోను చేస్తే ఎత్తవలె. పది రూపాయలు ఇచ్చినవాని వీధికి మంత్రిగారు రావలె.

2017లో రెండు పనులు జరిగినవి. ఆ నూటికి ఏడున్నర హద్దు తీసివేసినారు. ఏ పార్టీకి ఇచ్చినదీ కంపెనీ తన లెక్కలలో చెప్పనక్కరలేదన్నారు. దానికి తోడుగా 2018 జనవరిలో ఎన్నికల బాండ్ల పథకం ప్రకటించినారు. స్టేటు బ్యాంకుకు వెళ్ళి వెయ్యి మొదలు కోటివరకు అయిదు రకాల బాండ్లలో ఏదో ఒకటి కొనవచ్చును. పార్టీవారు పదిహేను దినాలలోగా మార్చుకోవలె. కొన్నవాని పేరు బాండుమీద ఉండదు. పార్టీ చెప్పనక్కరలేదు. 2018 మార్చి మొదలు 2024 జనవరి వరకు ముప్పది విడతలలో సుమారు 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడైనవి. అందులో విలువనుబట్టి నూటికి తొంభైపాళ్ళకు పైగా కోటి రూపాయల బాండ్లే. వెయ్యి రూపాయల బాండు ఒకటి ఉన్నదని ఈ సభలో ఎంతమందికి తెలుసునో చేతులెత్తమని అడగము. అది మనకోసం అచ్చువేసినది కాదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ గారి అధ్యక్షతన, ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా కొట్టివేసినది. ఓటరుకు తెలుసుకొనే హక్కు ఉన్నదన్నది. హద్దు తీసివేయడం కూడ చెల్లదన్నది. జాబితా ఇవ్వడానికి స్టేటు బ్యాంకువారు జూన్ 30 దాకా గడువడిగినారు. అప్పటికి ఎన్నికలు అయిపోతవి గదా! కోర్టువారు మార్చి 11న ఆ కోరిక నిరాకరించినారు. మార్చి 14న పేర్లు బయటికి వచ్చినవి.

ఆ జాబితాలో మనకు తెలిసిన పేర్లున్నవి. అన్నిటికంటె పైన ఒక లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. దాని తరువాత మన హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగు, 966 కోట్లు. ఇది చదివినపుడు తెలుగువారు రెండవ స్థానంలో ఉన్నారని గర్వించవలెనా, మరేమైనా చేయవలెనా మాకు తోచలేదు. పుచ్చుకొన్నవారిలో అప్పుడు కేంద్రంలో పాలిస్తూన్న భారతీయ జనతా పార్టీ మొదటిది: ప్రకటించిన లెక్కలో ఆరువేల కోట్లకు పైగా. తెలంగాణాను పాలించిన భారత రాష్ట్ర సమితికి పన్నెండు వందల కోట్లకు పైగా. మన ఒడిశాను 2000 మొదలు 2024 వరకు పాలించిన బిజూ జనతాదళానికి 770 కోట్లకు పైగా. ఏ పార్టీ ఎక్కడ పాలిస్తే అక్కడ సొమ్ము చేరినదన్నమాట దీనిలో స్పష్టం. ఇచ్చినందుకు ప్రతిఫలం పుచ్చుకొన్నారని ఒక్కొక్క కంపెనీ విషయంలో రుజువు చేయడం కోర్టుల పని. మేము తీర్పు చెప్పము. కాని ప్రేమకొద్దీ ఇచ్చినవాడు పేరు దాచుకోడు గదా.

ఇక మన జిల్లా సంగతికి వస్తాము. నిజానికి మేము చెప్పదలచుకొన్నది ఇదే.

మనము రాయగడవారము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఈ ఊరు విశాఖపట్టణం జిల్లాలోనిదే. మనలో కొందరి తాతలు పార్వతీపురంనుంచి, బొబ్బిలినుంచి వచ్చినారు. కొందరి తాతలు ఎక్కడికీ కదలలేదు. సరిహద్దే వారి ఇంటిమీదుగా నడచిపోయినది. ఏమైనా మనకు నియమగిరి తెలుసు. చాటికోన, మునిగుడ సంతలకు ఆ కొండలనుంచి డొంగ్రియా కొందులు పసుపు, అల్లం, అనాస, పనస తెస్తారు. మన దుకాణాలలోని పసుపులో కొంత వారిదే. మన వర్తకులలో కొందరు వారికి పెట్టిన తూకం ఎట్లాంటిదో, ఇచ్చిన అప్పుమీద కట్టిన వడ్డీ ఎంతో పెద్దలకు తెలుసు. ఆ సంగతి మరచి వారిని గురించి గొప్పగా మాట్లాడే అర్హత మనకు లేదు.

ఆ కొండమీద ఏడు కోట్ల టన్నులకు మించి బాక్సైటు ఉన్నదని అంచనా. దానిని నమ్ముకొని కొండ క్రింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీవారు అల్యూమినా కర్మాగారం కట్టినారు. 2007లో పని మొదలైనది. ముందు గని చేతికి రావలె, తరువాత ఫ్యాక్టరీ కట్టవలె. వారు ముందు ఫ్యాక్టరీ కట్టినారు. అనుమతి ఎట్లాగూ వస్తుందన్న ధీమా ఎక్కడినుంచి వచ్చినదో మీరే ఊహించుకోవచ్చును. కొందులకు ఆ కొండ నియమరాజు. వారి దైవం, వారి చట్టం రెండూ ఆయనే. కొండ శిఖరంమీది చెట్టు కొట్టరు. 2010 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఎన్.సి. సక్సేనాగారి సంఘం నివేదిక తరువాత అనుమతి నిరాకరించినది. ఒడిశా మైనింగు కార్పొరేషను సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఒక క్రొత్త మాట చెప్పినది: కొండమీద ఆ ప్రజలకు గల మతసంబంధమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చవలె, జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి ఒకరు కూర్చొని చూడవలె అని.

కొండచుట్టూ నూటికి పైగా ఊళ్ళు. రాష్ట్ర ప్రభుత్వం వాటిలోనుంచి పన్నెండు ఊళ్ళు మాత్రం ఏరినది; మన రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో అయిదు. చిన్న ఊళ్ళైతే లొంగుతారని అనుకొన్నారేమో. జూలై 18న సెర్కపాడిలో మొదటి సభ. వర్షాకాలం. కొండదారులు జారుడు. ఆడవారు పిల్లలను చంకన వేసుకొని వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరూ లేచి తమ మాట తమ కువి భాషలో చెప్పినారు. ఆగస్టు 19న జరపాలో ఆఖరి సభ. పన్నెండింటికి పన్నెండు సభలూ వద్దన్నవి. 2014 జనవరిలో కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించినది. 2016లో సభలు మళ్ళీ జరిపించవలెనని రాష్ట్రంవారు సుప్రీంకోర్టును అడిగితే కోర్టు ఒప్పుకోలేదు.

ఇప్పుడు దీని ప్రక్కన ఇంకొక కథ పెట్టి చూడండి. అదే కంపెనీ, అవే సంవత్సరాలు. వేదాంత సంస్థకు చెందిన కంపెనీలు కాంగ్రెసుకు, భారతీయ జనతా పార్టీకి, రెంటికీ చందాలిచ్చినవి. మూలకంపెనీ విదేశంలోనిది కనుక ఇది విదేశీ విరాళాల చట్టానికి విరుద్ధమని ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం వేసినారు. వేసినవారిలో ఒకరు మన విశాఖపట్టణంలో ఉంటూన్న ఇ.ఎ.ఎస్. శర్మగారు, భారత ప్రభుత్వంలో కార్యదర్శిగా పనిచేసి విరమించినవారు. రెండవవారు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థవారు. 2014 మార్చి 28న హైకోర్టు, రెండు పార్టీలూ చట్టం మీరినవని, ఆరునెలలలోగా చర్య తీసుకోవలెనని తీర్పు చెప్పినది.

ఏమైనది? ఆ రెండు పార్టీలూ పార్లమెంటులో ఒకరినొకరు చూచుకొంటే మాట్లాడుకోని కాలమది. ఈ ఒక్క విషయంలో వాటికి భేదం లేకపోయినది. 2016 ఆర్థిక చట్టంలో ఒక సవరణ చేర్చి, అట్లాంటి కంపెనీ విదేశీ కంపెనీ కాదన్నారు, 2010నుంచే కాదన్నారు. చందాలు అంతకు పూర్వానివి కూడ ఉన్నవి గనుక అది చాలలేదు. 2018 ఆర్థిక చట్టంలో మళ్ళీ సవరించి 1976 ఆగస్టు 5నుంచే కాదన్నారు. నలభైరెండేండ్లు వెనుకకు వెళ్ళి చట్టం మార్చినారు. లోక్‌సభలో ఆ బిల్లు చర్చ లేకుండా నెగ్గినది. మన ఇంటి పన్ను బకాయికి ఎవరైనా నలభైరెండేండ్ల వెనుకటి తారీఖుతో రసీదు వ్రాసి ఇస్తారా?

అంతటి కంపెనీ ఢిల్లీలో రెండు మహా పార్టీలకూ సొమ్మివ్వగలిగినది. తరువాత సుమారు 400 కోట్ల బాండ్లు కొనగలిగినది. సెర్కపాడిలో మాత్రం దానికి ఏమీ సాగలేదు. కారణం ఏమిటని మేము చాల ఆలోచించినాము. కొందులు అమాయకులు, పుణ్యాత్ములు అని చెప్పి తప్పుకోవడం సోమరితనం. వారూ మనుష్యులే, సొమ్ము ఆశ చూపితే మారినవారు వారిలోనూ ఉన్నారు. మాకు తోచిన కారణం ఒకటే. అక్కడ నిర్ణయించవలసినవారు అందరూ ఒకచోట కూర్చున్నారు, ఒకరి మాట ఒకరు విన్నారు, ప్రక్కన న్యాయమూర్తి వ్రాసుకొన్నారు. ఒక్క నాయకుణ్ణి కొంటే సరిపోయే ఏర్పాటు కాదది. మనదగ్గర అట్లా కాదు. "తెలుగువారి ఓట్లన్నీ మీవే" అని ఒకరు మైకుముందు చెబితే సరిపోయినది. పుట్టగుత్తకు ఇచ్చినట్లు ఇచ్చివేసినాము. వలసవచ్చిన వారికి ఈ జబ్బు ఎక్కువ. పరాయిచోట ఉన్నామన్న జంకు ఒకటి, పెద్దవాని అండ ఒకటి ఉంటే మంచిదన్న ఆశ ఒకటి. తమిళనాడులోనో, మహారాష్ట్రలోనో ఉన్న మన బంధువులను అడిగితే వారూ ఇదే చెబుతారు. ఎన్నికలు వచ్చినపుడు తెలుగు సంఘాల తలుపు ముందుగా తట్టేది అభ్యర్థి కాడు, అభ్యర్థికి సొమ్ము పెట్టేవాడు.

గ్రామసభ ఒక మంత్రం కాదు. అది కూడ చెప్పవలె. నియమగిరిని వదలినారు గాని లాంజిగఢ్ ఫ్యాక్టరీ మూతబడలేదు. వేరేచోటి బాక్సైటుతో నడుస్తూనే ఉన్నది. 2023లో మన జిల్లాలోనే సిజిమాలి కొండ గని వేలంలో ఆ కంపెనీకే వచ్చినది. 2023 డిసెంబరు 8న గ్రామసభలు జరిగి ఒప్పుకొన్నట్లు కాగితాలు తయారైనవి. ఆ సభలు జరగనేలేదని, ఆ సంతకాలు తమవి కావని గ్రామస్థులు మొత్తుకొన్నారు. అంటే సభ ఎంత బలమైనదో అవతలివారికీ అర్థమైనదన్నమాట. దానిని ఎదిరించడం కంటె దాని పేర కాగితం పుట్టించడం సుళువని కొందరికి తోచవచ్చును. అంతకు పూర్వం 2000 డిసెంబరు 16న కాశీపూర్ తాలూకా మైకంచ్‌లో ఇంకొక అల్యూమినా కర్మాగారం తగాదాలో పోలీసు కాల్పులలో ముగ్గురు గిరిజనులు చనిపోయినారు. కొండ నిలిచినదంటే ఊరకే నిలవలేదు.

కొండవారి సంగతి వేరు, మనబోటి సంసారులవల్ల ఏమవుతుందని అనేవారు దూబగుంట కథ జ్ఞాపకం చేసుకోవలె. నెల్లూరు జిల్లాలో సారా పాటలు పాడినవారే ఎన్నికలకు సొమ్ము పెట్టేవారు. ఎన్నికైనవారే పాటలు నడిపేవారు. అక్షరాస్యత తరగతులలో కూర్చున్న ఆడవారు 1992లో లేచి తమ ఊళ్ళలో సారా దుకాణాలు మూయించినారు. దూబగుంట రోశమ్మగారి పేరు అప్పుడు దేశమంతా విన్నది. 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రమంతటా సారా నిలిచినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది. 1997లో పోయినది. పోయినది గనుక ఆ పోరాటం వృథా అనేవారున్నారు. ఆ అయిదేండ్లు ఇంట్లో అన్నం కుండ నిండుగా ఉన్న ఆడవారిని అడిగి ఆ మాట చెప్పవలె.

సొమ్ము విషయంలో కూడ వెనుకటివారు ఒక దారి చూపినారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమై కోటిమంది సభ్యులను, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలను, ఇరవై లక్షల రాట్నాలను జూన్ నెలాఖరులోగా సమకూర్చవలెనని తీర్మానించినది. సభ్యత్వం నాలుగణాలు. కోటి రూపాయలు వచ్చినవి. అందులో పెద్ద భాగం బొంబాయి నగరంనుంచే వచ్చినది, అందులో ధనికుల చేయి చాల ఉన్నది. ఆ సంగతి కప్పిపుచ్చము. అయినా గాజులు తీసి ఇచ్చినవారు, దినకూలి ఇచ్చినవారు లెక్కలేనంతమంది. నాలుగణాలిచ్చినవాడు సభకు వచ్చి నిలదీసేవాడు. ఆ నాలుగణాల రసీదు జేబులో ఉండేది గనుక.

ఇప్పటి లెక్క చూడండి. లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 2022 జనవరిలో ఒడిశావంటి రాష్ట్రాలకు పెట్టిన హద్దు 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు హద్దే లేదు. చేతికి పగ్గం, కాలికి రెక్కలు!

బాండ్లు పోయినవి గాని చందాలు పోలేదు. ఏడున్నరపాళ్ళ హద్దులో, ఎన్నికల ట్రస్టుల ద్వారా, చెక్కులమీద కంపెనీల సొమ్ము వస్తూనే ఉన్నది. ఒక మేలు జరిగినది: ఇప్పుడు పేరు తెలుస్తుంది, ఎన్నికల సంఘంవారు ప్రకటిస్తారు. చదివేవారే కావలె. మన కుర్రవారు క్రికెట్టు లెక్కలు కంఠతా చెబుతారు. మన నియోజకవర్గంలో నిలబడినవారి ఆస్తి ప్రమాణపత్రం 2003నుంచి బహిరంగమే. చదివినవారు ఈ సభలో ఎందరున్నారు? మేమూ మొన్నటివరకు చదవలేదు.

ఇంక భవనం సంగతి. కార్యవర్గంలో పుచ్చుకొందామనేవారి వాదన తీసివేయదగినది కాదు. పెళ్ళిళ్ళకు చోటు చాలడంలేదు. తెలుగు తరగతి పిల్లలు మెట్లమీద కూర్చుంటున్నారు. కంపెనీ సొమ్ము ఎట్లాగూ ఎవరికో ఒకరికి పోతుంది, మనకు వస్తే తప్పేమి అంటారు. మేము వారికి ఒక్కటే చెప్పినాము. ఆ పదకొండు ఇళ్ళవారిని పిలిచి అడగండి. వారు సరేనంటే మేము అడ్డుచెప్పము. ఇంతవరకు వారిని ఎవరూ అడగలేదు. పోయిన నెల మేము ఆ ఇళ్ళకు వెళ్ళినాము. తొమ్మిది ఇళ్ళవారు వద్దన్నారు. ఒకాయన ఇష్టం మీదన్నారు. పదకొండవ ఇంటి ముసలమ్మగారు, "ముందు కాలువ సంగతి చూడండి నాయనా, పైకెక్కడం తరువాత" అన్నారు.

కనుక కార్యవర్గంలో మా భాగంవారు రెండు కోరుతున్నారు. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తడంతో సరిపెట్టక, ప్రతి ఇంటినుంచి ఒక ఆడవారు ఒక మగవారు లేచి తమ మాట చెప్పవలె. ఎవరేమన్నదీ పుస్తకంలో వ్రాయవలె. పొద్దుపోయినా సరే. రెండవది, కంపెనీ సొమ్ము వద్దనుకొంటే పై అంతస్తుకు మారుగా ముందు ఒక గది మాత్రమే వేద్దాము. సంఘంలో 312 కుటుంబాలున్నవి. ఇంటికి నెలకు నూరు రూపాయల చొప్పున రెండేండ్లు ఇస్తే ఏడు లక్షల నలభై ఎనిమిది వేల ఎనిమిది వందలు వస్తవి. గదికి మేస్త్రీ చెప్పిన అంచనా ఏడు లక్షలు. ఇవ్వలేని ఇళ్ళున్నవి, మాకు తెలుసు; వారి పేర్లు ఎవరూ చదవరు. ఇచ్చినవారి పేర్లూ గోడమీద చెక్కరు. లెక్క మాత్రం వచ్చే ఉగాది సంచికలో పైసలతోసహా అచ్చవుతుంది, ఆదాయమెంతో వ్యయమెంతో సిద్ధాంతిగారే చదువుతారని మాట ఇచ్చినారు.

కాలువ సంగతి మునిసిపాలిటీకి వ్రాసిన అర్జీ ద్వారం దగ్గర బల్లమీద ఉన్నది. పదకొండు ఇళ్ళవారు ఇదివరకే సంతకాలు చేసినారు. క్రింద చోటు చాల ఉన్నది. వసారాలోనుంచే బయటికి వెళ్ళవలె గనుక మీకు దారిలోనే తగులుతుంది. రసీదు పుస్తకం కూడ దాని ప్రక్కనే పెట్టినాము.